ఎంహెచ్370: తెలంగాణంత జాగ రెండుసార్లు గాలించినా ఎందుకు దొరకలేదు?

సుబేదారి_సైకిల్:
అన్నలూ, ఎంహెచ్370 సంగతి తెలిసినోళ్ళు జర వివరంగ చెప్పుండ్రి. 2014 మార్చి 8 నాడు కౌలాలంపూర్ నుంచి బీజింగ్‌కు 239 మందితోని లేచి, దారిల మాయమైన బోయింగ్ 777 విమానం అది. అండ్ల మన దేశపోళ్ళు అయిదుగురున్నరు. యూట్యూబ్‌ల చూస్తే ఒకరు మాల్దీవులల్ల కనబడ్డదంటరు, ఒకరు హిందూ మహాసముద్రంల అమెరికా సైనిక స్థావరమున్న డియెగో గార్షియా దీవిల దించిన్రంటరు, ఇంకొకరు హ్యామ్ రేడియో సిగ్నళ్ళతోని జాగ పట్టుకున్నమని మ్యాపు మీద చుక్క పెట్టి చూపిస్తున్నరు. నాకు సమజ్ గానివి ఇవి. శాటిలైట్‌కు గంటకో సిగ్నల్ అందిందంటున్నరు గదా, మరి జాగ ఎందుకు తెలుస్తలేదు? "ఏడో ఆర్క్" అంటే ఏంది? ఇన్ని ఓడలు, ఇన్ని ఏండ్లు వెతికినంక గూడ అడుగున ఉన్నది కనబడదా? పుకార్లు వద్దు, లెక్కతోని చెప్పేటోళ్ళు చెప్పుండ్రి.

కాజీపేట_సిగ్నల్:
ముందుగాల టైములు మలేషియా గడియారం ప్రకారం రాస్తున్న. మన టైము కావాలంటే రెండున్నర గంటలు తీసెయ్యాలె.

రాత్రి 12:42కు లేచింది. 1:19కి పైలట్ల చివరి మాట. 1:21కి ఇగారి అనే పాయింటు దగ్గర ట్రాన్స్‌పాండర్, అంటే విమానం తనెవరో రాడార్‌కు చెప్పుకునే పరికరం ఆగింది, దాంతోని సివిల్ రాడార్ తెర మీద పేరు మాయమైంది. తర్వాత మిలిటరీ రాడార్‌ల కనబడ్డది ఏందంటే, విమానం వెనక్కి తిరిగి, మలయా ద్వీపకల్పం దాటి, పెనాంగ్ పక్కపొంటి పోయి, 2:22కు మలక్కా జలసంధి మీద రాడార్‌కు అందకుండ పోయింది. అక్కడిదాంక జాగ పక్కా. 2:25 నుంచి ఉన్నదంతా శాటిలైట్ లెక్క.

ఆ శాటిలైట్ ఇన్మార్‌శాట్ 3-ఎఫ్1. హిందూ మహాసముద్రం మీద, భూమధ్యరేఖకు పైన దాదాపు 35,800 కి.మీ. ఎత్తుల ఉంటది. అది ఫొటో తీసేది గాదు, ఫోన్ టవర్ అసొంటిది. గంటసేపు విమానం నుంచి ఏ మాటా లేకపోతే పెర్త్‌ల ఉన్న గ్రౌండ్ స్టేషన్ "ఉన్నవా?" అని అడుగుతది, విమానంల ఉన్న డబ్బా "ఉన్న" అంటది. 3:41, 4:41, 5:41, 6:41, 8:11, ఆఖరుకు 8:19. మధ్యల 7:41 ఎందుకు లేదని చానామంది అనుమానపడ్తరు. దాని వెనుక మర్మమేమీ లేదు. 7:13కు కింది నుంచి విమానానికి ఫోన్ కొట్టిన్రు, ఎవరూ ఎత్తలేదు. ఆ కాల్‌తోని గంట లెక్క మళ్ళ మొదటికొచ్చింది.

ఇగ అసలు ముచ్చట. "ఉన్న" అనే జవాబు ఎంత ఆలస్యంగ వచ్చిందో మైక్రోసెకన్లల్ల రాసిపెట్టి ఉన్నది. రేడియో తరంగం ఒక మైక్రోసెకనుల 300 మీటర్లు పోతది, పోను రాను గనుక దూరం లెక్కల 150 మీటర్లు. ఈ కొలతల తప్పు మామూలుగ 29 మైక్రోసెకన్ల దాంక ఉంటదని తేల్చిన్రు. అంటే శాటిలైట్‌కు విమానానికి నడుమ దూరం నాలుగైదు కిలోమీటర్ల తేడాతోని తెలుస్తది. ఇంత మంచి కొలత ఉన్నంక జాగ ఎందుకు తెల్వదు అంటే, గుంజకు కట్టేసిన బర్రెను అనుకో. తాడు పొడుగు తెలిసింది. బర్రె ఆ తాడు గీసే గుండ్రం మీదనే ఉన్నది, అది ఖాయం. తూర్పున మేస్తున్నదా పడమట మేస్తున్నదా తాడు చెప్పదు. 2:25 నుంచి ఇసొంటి గుండ్రాలు ఏడు. చివరి గుండ్రంల విమానం చేరగలిగే ముక్కనే ఏడో ఆర్క్ అంటున్నరు. దాని మీద ఉన్నది నిజం, ఎక్కడనేది వేల కిలోమీటర్ల గీత.

ఉత్తరమా దక్షిణమా అన్నది రెండో కొలత తేల్చింది. కాజీపేట జంక్షన్‌ల ఆగకుండ పోయే బండి హారన్ ఎదురొచ్చేటప్పుడు సన్నగ, దాటిపోయినంక బొంగురుగ వినబడ్తది గదా, అదే డాప్లర్. విమానంల ఉన్న డబ్బా తన వేగాన్ని బట్టి ఆ తేడాను ముందే సరిచేసి పంపుతది. కాని శాటిలైట్ ఒక్కతాననే కదలకుండ ఉన్నదనుకొని సరిచేస్తది. ఆ శాటిలైట్ పాతది, దాని కక్ష్య జర వంగి, రోజుకోపారి ఉత్తరం దక్షిణం ఊగేది. ఆ ఊగుడు వల్ల మిగిలిన కొద్ది హెర్ట్జ్‌ల తేడా దక్షిణం దిక్కు పోయే దారికే సరిపోయింది, ఉత్తరం దారికి సరిపోలేదు. ఈ కొలతల అయిదు నుంచి ఏడు హెర్ట్జ్ అటిటు ఉంటది. అందుకని దిక్కు చెప్పడానికి పనికొస్తది గని, గీత మీద చుక్క పెట్టడానికి చాలది. చుక్క పెట్టి చూపించేటోళ్ళు ఎవరైనా సరే, వేగం, ఎత్తు, మలుపులు తమంతల తాము అనుకొని పెట్టినట్టే.

మామునూరు_రన్‌వే:
పైన రాసింది సరిగ్గా ఉన్నది. ఆఖరి 8:19 సిగ్నల్ గురించి విడిగా చెప్పాలె, ఎందుకంటే వెతుకులాట అంతా దాని మీదనే నిలబడ్డది.

8:11ది గ్రౌండ్ స్టేషన్ అడిగితే వచ్చిన జవాబు. 8:19ది అట్ల కాదు. విమానమే "నేను మళ్ళ లాగిన్ అవుతున్న" అని అడిగింది. ఆ డబ్బాకు కరెంటు పోయి తిరిగొస్తేనే అట్ల అడుగుతది. లేచేటప్పుడు ఇంధనం సుమారు 49 టన్నులు. 1:07కు విమానం పంపిన చివరి ఏకార్స్ సందేశం (విమానం దానంతట అదే కిందికి పంపే మెసేజ్) ప్రకారం 43.8 టన్నులు మిగిలింది. ఏడున్నర గంటల ప్రయాణానికి లెక్క కడితే సరిగ్గ ఆ సమయానికే అయిపోవాలె. రెండు ఇంజన్లూ ఆగితే జనరేటర్లు పోతయి, తోకల ఉన్న ఏపీయూ అనే చిన్న ఇంజన్ దానంతట అదే స్టార్ట్ అయితది, పైపులల్ల మిగిలిన కొద్ది ఇంధనంతోని కరెంటిస్తది, డబ్బా బూట్ అయ్యి లాగిన్ అడుగుతది. దీనికంతా మూడు నాలుగు నిమిషాలు పడ్తది. అంటే 8:15–8:16 నడుమ ఇంజన్లు ఆగినయన్నమాట.

ఇంకో ఆనవాలు కూడ ఉన్నది. లాగిన్ అయినంక నిమిషంన్నరకు సీట్ల ముందరి స్క్రీన్ల వ్యవస్థ కూడా శాటిలైట్‌తోని కలవాలె. 2:25 తర్వాత కలిసింది. 8:19 తర్వాత కలవలేదు. అప్పటికే కరెంటు పోయిందో, విమానం నీళ్ళల్ల పడ్డదో, యాంటెన్నా శాటిలైట్ దిక్కు లేకుండ ఒరిగిపోయిందో, ఏదో ఒకటి.

ఇప్పుడు ఈ లెక్క మీరే చేసి చూడుండ్రి. లాగిన్ అడిగినప్పుడు పైన చెప్పిన డాప్లర్ తేడా 182 హెర్ట్జ్. ఎనిమిది సెకన్లకు అది మైనస్ 2. అంటే 184 హెర్ట్జ్ పడిపోయింది. ఆ తరంగం పొడుగు సుమారు 18 సెం.మీ., కాబట్టి ఒక హెర్ట్జ్ అంటే శాటిలైట్ దిక్కున సెకనుకు 18 సెం.మీ. వేగం. 184ను 18తోని గుణిస్తే సెకనుకు 33 మీటర్లు. శాటిలైట్ నెత్తి మీద లేదు, క్షితిజం నుంచి 39 డిగ్రీల ఎత్తుల ఉన్నది. ఆ వంపు సరిచేస్తే కిందికి దిగే వేగం ఎనిమిది సెకన్లల్ల సెకనుకు 53 మీటర్ల దాంక పెరిగింది. అంటే భూమి ఆకర్షణల మూడింట రెండు వంతుల జోరుతోని కిందికి పోతున్నది. మెల్లగ గ్లైడ్ అవుతున్న విమానం ఇట్ల ఉండదు.

దీనికి జోడు ఇంకొకటి. 2016ల టాంజానియా దగ్గరి పెంబా దీవిల కుడి రెక్క బయటి ఫ్లాప్ (రెక్క వెనక అంచుకుండే కదిలే పలక) ముక్క దొరికింది. దిగేటప్పుడు ఫ్లాపులు బయటికి చాపుతరు. ఆ ముక్క లోపలి దెబ్బలు, చీలికలు చూసిన ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ ఏటీఎస్‌బీ, విరిగినప్పుడు ఫ్లాప్ లోపలికి మడిచే ఉండి ఉంటదని చెప్పింది. రెండు వేర్వేరు దారులల్ల వచ్చిన ఆనవాళ్ళు ఒకే తీరుగ మాట్లాడుతున్నయి. నీళ్ళ మీద జాగ్రత్తగ దించి, తలుపులు మూసి ముంచిన్రన్న మాటకు ఇవి గొడ్డలిపెట్టు.

మాల్దీవుల ముచ్చటకు ఒక్క గడియారం చాలు. కుడా హువాదూ దీవిల జనం తక్కువ ఎత్తుల పెద్ద విమానం చూసినమన్నది అక్కడి టైము పొద్దుగాల 6:15కు. అది యూటీసీల, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ఒకే టైముల, 1:15. ఎంహెచ్370 చివరి సిగ్నల్ యూటీసీ 0:19, మన టైము 5:49. ఇంధనం అయిపోయినంక దాదాపు గంటసేపు ఎగిరే విమానం ఉండదు. వాళ్ళు అబద్ధం చెప్పిన్రని నేననను, చూసింది వేరే విమానం. డియెగో గార్షియా గూడ ఏడో ఆర్క్ మీద లేదు. ఏ వీడియో చూసినా ముందుగాల టైమును యూటీసీలకు మార్చి, తర్వాత ఆ జాగ ఆర్క్ మీద ఉన్నదా లేదా చూడుండ్రి. సగం వీడియోలు ఆడనే ఆగిపోతయి.

కెప్టెన్ గురించి ఒక మాట. ఆయన ఇంట్ల సిమ్యులేటర్‌ల దక్షిణ హిందూ మహాసముద్రం దిక్కు పోయే పాయింట్లు దొరికిన మాట నిజం. 2018 జూలై 30న వచ్చిన మలేషియా తుది నివేదిక, విమానం వెనక్కి తిరిగింది చేత్తోని తిప్పితేనే అని చెప్పింది, తిప్పింది ఎవరన్నది తేల్చలేమన్నది, మూడో మనిషి జోక్యాన్ని గూడ కొట్టెయ్యలేదు. ఆ కుటుంబాలు ఇంకా బతికి ఉన్నయి. నివేదిక ఆగిన కాడ మనం గూడ ఆగుడే న్యాయం.

లోతునీళ్ళు:
మూడో ప్రశ్నకు నేను చెప్తాను. సముద్రం అడుగున వెతకడం పైనుంచి చూసినంత సులువని చాలామంది అనుకుంటారు. నీళ్ళలో రాడార్ పని చేయదు, వెలుతురు కొన్ని వందల మీటర్ల కంటే లోపలికి పోదు. ఏ శాటిలైట్ కూడా నాలుగు కిలోమీటర్ల లోతున్న ఇనుమును చూడలేదు. 2014 మార్చిలో శాటిలైట్ ఫొటోల్లో "వందల వస్తువులు" అని వార్తలొచ్చాయి కదా, ఓడలు పోయి చూస్తే వలలు, చెత్త.

అడుగున చూసేది శబ్దమే, అంటే సోనార్. 2014 నుంచి 2017 జనవరి 17 దాకా ఆస్ట్రేలియా నడిపిన గాలింపు 1,20,000 చ.కి.మీ. మన తెలంగాణ మొత్తం విస్తీర్ణం 1,12,077. ఆదిలాబాద్ నుంచి ఆలంపూర్ దాకా, జహీరాబాద్ నుంచి భద్రాచలం దాకా ఉన్న నేలంతా నాలుగు కిలోమీటర్ల నీళ్ళ కింద, చీకట్లో ఉందనుకోండి. అందులో ఒక ఊరి పొలమంత జాగలో పడ్డ ముక్కల కోసం వెతకాలి. ఎయిర్ ఫ్రాన్స్ 447 శిథిలాలు అడుగున పరచుకున్నది సుమారు 600 మీటర్ల పొడుగు, 200 మీటర్ల వెడల్పులోనే.

వెతికే పద్ధతి ఇలా. మొదట ఓడ కింద బిగించిన మల్టీబీమ్ సోనార్‌తో అడుగు ఎగుడుదిగుడు మ్యాపు తీశారు. అక్కడికి అంతకు ముందు సరైన మ్యాపే లేదు, కొండలెక్కడో తెలియకుండా పరికరాన్ని దింపితే గుద్దుకుంటుంది. తర్వాత టోఫిష్ అనే సోనార్ పరికరాన్ని పది కిలోమీటర్ల దాకా ఉండే కేబుల్‌కు కట్టి అడుగుకు 100–150 మీటర్ల పైన ఈడ్చారు. పది కిలోమీటర్లంటే కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా పట్టాల దూరం. ఓడ కాజీపేటలో, పరికరం వరంగల్‌లో అన్నట్టు. ఓడ తిరిగిన వెంటనే అది తిరగదు. ఒక గీత ముగించి పక్క గీతకు మలుపు తిప్పడానికే కొన్ని గంటలు పడుతుంది.

రెండు పక్కలా కలిపి సుమారు రెండు కిలోమీటర్ల పట్టీ కనిపిస్తుంది. 1,20,000ను రెండుతో భాగిస్తే 60,000 కి.మీ. ఈడ్వాలి. వేగం గంటకు 5 కి.మీ. అంటే 12,000 గంటలు, ఒక్క ఓడ రాత్రింబవళ్ళు ఆగకుండా నడిస్తే 500 రోజులు. ఇందులో మలుపులు లేవు, పట్టీల అతివ్యాప్తి లేదు, రేవుకు పోయి రావడం లేదు, తుఫానుకు ఆగడం లేదు. అందుకే రెండున్నరేళ్ళు పట్టింది.

పట్టీ నడుమ, టోఫిష్ కడుపు కింద, పక్కలకు చూసే దాని సైడ్‌స్కాన్ సోనార్ సరిగా చూడలేని సందు ఉంటుంది. దాన్ని వేరే సోనార్‌తో పూడుస్తారు. అసలు చిక్కు కొండల దగ్గర. డయమంటినా ఎస్కార్ప్‌మెంట్ దగ్గర నేల నిలువునా తెగి కిందికి పోతుంది. శబ్దం ఒక పక్క నుంచి తగిలితే కొండ వెనక నీడ పడుతుంది, నీడలో ఏముందో సోనార్‌కు తెలియదు. ఇంకో దిక్కు నుంచి మళ్ళీ ఈడ్వాలి. ఏటవాలుగా ఉన్నచోట బండరాళ్ళు, లోహపు ముక్కలు ఒకేలా మెరుస్తాయి. అలా అనుమానం వచ్చిన ప్రతి గుర్తునూ దగ్గరికి పోయి ఫొటో తీయాల్సిందే. అలా పోయి చూస్తే ఒకసారి 3,900 మీటర్ల లోతులో పాత కాలపు ఓడ శిథిలం, లంగరుతో సహా కనిపించింది. సోనార్ పనిచేసిందనడానికి అది రుజువు, మనకు కావాల్సింది మాత్రం కాదు.

2018లో ఓషన్ ఇన్ఫినిటీ సంస్థ వచ్చింది. కేబుల్ లేకుండా సొంతంగా ఈదే ఎనిమిది యంత్రాలను, అంటే ఏయూవీలను, ఒకే ఓడ నుంచి దింపింది. జనవరి నుంచి జూన్ లోపు 1,12,000 చ.కి.మీ. పైగా చూసింది, అంటే ఆరు నెలల లోపు ఇంకో తెలంగాణ. పరికరాలు మారితే వేగం ఎలా మారుతుందో ఇక్కడ తెలుస్తుంది. అయినా దొరకలేదు.

సుబేదారి_సైకిల్:
తెలంగాణ లెక్కతోని మస్తు సమజ్ అయింది. మరి బ్లాక్ బాక్స్ నుంచి శబ్దం వస్తదంటరు గదా, అది ఎందుకు వినబడలేదు? ఇంకోటి, ఎయిర్ ఫ్రాన్స్‌ది రెండేండ్లల్ల దొరికె, ఇదెందుకు పన్నెండేండ్లాయె?

లోతునీళ్ళు:
బ్లాక్ బాక్స్‌కు బిగించిన, శబ్దం చేసే పింగర్ సెకనుకోసారి 37.5 కిలోహెర్ట్జ్ దగ్గర టిక్కుమంటుంది. బ్యాటరీ 30 రోజులే. వినబడే దూరం రెండు మూడు కిలోమీటర్లు, లోతు నాలుగు కిలోమీటర్లు. అంటే నీళ్ళ మీద నుంచి వింటే వినబడదు, మైకును కూడా కేబుల్‌కు కట్టి లోపలికి దింపాలి. పైగా ఈ విమానం ఫ్లైట్ డేటా రికార్డర్ పింగర్ బ్యాటరీ గడువు 2012 డిసెంబర్‌లోనే దాటిపోయిందని మలేషియా నివేదికే చెప్పింది. మొదటి పది రోజులు వెతికింది దక్షిణ చైనా సముద్రం, మలక్కా, అండమాన్ వైపు. దక్షిణానికి ఓడలు చేరి వినడం మొదలుపెట్టేసరికి ముప్పై రోజులు దగ్గరపడ్డాయి. ఏప్రిల్‌లో ఒక ఓడకు కొన్ని శబ్దాలు వినిపించాయి, కాని అవి 33 కిలోహెర్ట్జ్ దగ్గర. ఆ చుట్టూ 860 చ.కి.మీ. జల్లెడ పట్టినా ఏమీ లేదు.

ఎయిర్ ఫ్రాన్స్ సంగతి వేరు. 2009 జూన్ 1న పడింది. చివరి జాగ విమానమే సందేశంలో పంపింది. అయిదారు రోజుల్లో తేలిన ముక్కలు, మృతదేహాలు దొరికాయి. వెతకాల్సింది ఒక చుక్క చుట్టూ 40 నాటికల్ మైళ్ళ గుండ్రం. అయినా 2011 ఏప్రిల్‌లో గాని దొరకలేదు, అదీ 3,900 మీటర్ల లోతులో, చివరి చుక్కకు ఏడు మైళ్ళ లోపే. ఎంహెచ్370కి అలాంటి చుక్క లేదు. తేలిన మొదటి ముక్క, కుడి రెక్క వెనక అంచున కదిలే ఫ్లాపరాన్ అనే పలక, రీయూనియన్ దీవిలో దొరికింది 2015 జూలై 29న, పదహారు నెలల తర్వాత, మహాసముద్రం అవతలి ఒడ్డున.

ఆ ఫ్లాపరాన్ ఎటు నుంచి కొట్టుకొచ్చిందో వెనక్కి లెక్క కట్టడానికి ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ వాళ్ళు చేసిన పని చూడండి. మొదట చెక్క, లోహం నమూనాలతో చూశారు. తర్వాత అసలైన 777 ఫ్లాపరాన్ తెప్పించి, దొరికిన ముక్క ఆకారానికి కోసి సముద్రంలో వదిలారు. అది గాలికి నమూనాల కంటే వేగంగా, గాలి దిక్కుకు ఎడమ వైపు ఒరిగి పోయింది. ఆ ఒక్క తేడాతో లెక్క మారి, 35 డిగ్రీల దక్షిణ అక్షాంశం చుట్టుపక్కల ఎక్కువ అవకాశం ఉందని తేలింది.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ పోతూ 29 మందితో మాయమైన వాయుసేన ఏఎన్-32. అప్పుడు ఓడలు, విమానాలు నెలల తరబడి వెతికినా దొరకలేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ వాళ్ళ ఏయూవీ తీసిన ఫొటోల్లో శిథిలాలు కనిపించింది 2024 జనవరిలో, తీరానికి 310 కి.మీ. దూరంలో, 3,400 మీటర్ల లోతులో. బంగాళాఖాతంలో, బయలుదేరిన చోటు, పోయే దారి తెలిసిన విమానానికే ఏడున్నరేళ్ళు.

సుబేదారి_సైకిల్:
హ్యామ్ రేడియో సంగతి మిగిలింది. అది నిజంగ పనికొస్తదా?

కాజీపేట_సిగ్నల్:
డబ్ల్యూఎస్‌పీఆర్ అంటరు. ప్రపంచమంతా హ్యామ్‌లు, అంటే ఇష్టంకొద్ది సొంత రేడియో నడిపేటోళ్ళు, అతి తక్కువ పవర్‌తోని, తరచుగ అయిదు వాట్లకు తక్కువనే, దాదాపు రెండు నిమిషాల పొడుగు సందేశం పంపుతరు. ఎవరికి అందితే వాళ్ళు నమోదు చేస్తరు. ఆ పాత రికార్డుల వచ్చిన చిన్న చిన్న ఒడిదుడుకులు విమానం అడ్డమొచ్చినందుకు వచ్చినయని ఈ పద్ధతి వాదన. ఇబ్బంది రెండు కాడ. వేల కిలోమీటర్ల అవతల విమానం ఒంటికి తగిలి చెదిరిన తరంగం, నేరుగ వచ్చినదాని ముందర లెక్కకు రానంత బలహీనం. రెండోది, ఆ తరంగాలను కిందికి వంచే పైగాలి పొర అయనోస్ఫియర్ ఒక్కతీరుగ ఉండదు, ఏ విమానం లేకున్నా గవే ఒడిదుడుకులు రోజంతా వస్తయి. డబ్ల్యూఎస్‌పీఆర్‌ను తయారుచేసిన నోబెల్ గ్రహీత జో టేలర్ గూడ పాత రికార్డులతోని విమానం జాడ తియ్యొచ్చన్న మాటను ఒప్పుకోలేదు. మెహనత్ చేసి పనిచేసేటోళ్ళ శ్రద్ధను నేను తక్కువ చేస్తలేను. తెలిసిన విమానాల దారులు ముందుగాల గుడ్డిగ పరీక్షించి, తెల్వని మనుషుల ముందర నిరూపించాలె. అది అయ్యేదాంక ఓడను ఆ చుక్క మీదికి పంపలేం.

మామునూరు_రన్‌వే:
2025ల ఏమైందో కూడ చేరుస్త. 2025 మార్చిల మలేషియా, ఓషన్ ఇన్ఫినిటీ ఒప్పందం చేసుకున్నరు. కొత్తగ 15,000 చ.కి.మీ., దొరికితేనే 7 కోట్ల డాలర్లు, దొరకకుంటే పైస లేదు. ఏప్రిల్‌ల ఆపిన్రు. జనం కుట్ర అన్నరు గని, అది చలికాలం లెక్క. దక్షిణార్ధగోళంల మనకు ఎండలు మండే ఏప్రిల్, మే నుంచి చలి మొదలైతది. ఆ అక్షాంశాలల్ల పడమటి గాలులు ఆగవు, అలలు ఇంటెత్తు లేస్తయి. ఏయూవీ లోపల ఎంత లోతున్నా దానికి అల తగలదు. దాన్ని దింపేటప్పుడు, ముఖ్యంగ పైకి ఎత్తేటప్పుడు ఓడ పక్కకు కొట్టుకొని పగిలిపోతది. అందుకనే 2025 డిసెంబర్ 30 నుంచి మళ్ళ మొదలుపెడ్తమని మలేషియా రవాణా శాఖ అప్పట్ల ప్రకటించింది, అక్కడ ఎండాకాలం గనుక.

దొరికితే అన్నీ తెలుస్తయా అంటే, అది గూడ ముందే తెలుసుకొని ఉండాలె. కాక్‌పిట్ మాటల రికార్డర్ చివరి రెండు గంటలే ఉంచుకుంటది, పాతదాని మీద కొత్తది రాసుకుంటది. 1:21కి విమానం తిరిగినప్పుడు కాక్‌పిట్‌ల ఏం మాట్లాడిన్రో దాని మీద ఎప్పుడో చెరిగిపోయి ఉంటది. ఆశంతా ఫ్లైట్ డేటా రికార్డర్ మీదనే, అది 25 గంటలు దాస్తది. ఏ స్విచ్ ఎప్పుడు, ఆటోపైలట్‌కు ఏ దిక్కు ఇచ్చిన్రు, విమానం లోపలి గాలి ఒత్తిడి ఎట్లున్నది, అండ్ల కరెంటు ఉన్నంతసేపు ఉంటది. రెండేండ్లు ఉప్పునీళ్ళల్ల ఉన్న ఎయిర్ ఫ్రాన్స్ రికార్డర్లు చదవగలిగిన్రు. పన్నెండేండ్లకు చిప్పుల కాళ్ళు తుప్పు పట్టి ఉండొచ్చు, చిప్పు లోపలిది బతికే అవకాశమున్నది. పైకి తీసిన గడియల దాన్ని గాలికి ఆరనియ్యకూడదు, ఆరితే ఉప్పు గడ్డకట్టి సన్న తీగెలను కోస్తది. నీళ్ళ డబ్బాలనే ముంచిపెట్టి ల్యాబుకు తీస్కపోతరు. ఆడ మెల్లగ మంచినీళ్ళతోని కడిగి, బోర్డు విప్పి, ఆరబెట్టినంకనే కరెంటు పెడ్తరు.